ఫీజు ఎవరు కట్టారు, మినహాయింపు ఎవరికి?

పశ్చిమ గోదావరి జిల్లా అత్తిలి నుంచి ఒక పిల్లనో పిల్లాడినో అమెరికా చదువుకు పంపిన ఇంట్లో పన్నుల కాలం ఏడాదికి రెండుసార్లు వస్తుంది. అక్కడ ఏప్రిల్ 15, ఇక్కడ మామూలుగా జూలై 31. ఆ రోజుల్లో తల్లిదండ్రులు ఆడిటరు గారిని, పిల్లలు రూమ్మేట్లను అడిగేది ఒక్కటే: చదువుకు ఇంత పోశాం కదా, పన్నులో ఏమైనా తగ్గుతుందా?

దానికి జవాబు చెప్పేముందు రెండు దేశాల చట్టాలూ ఎదురు ప్రశ్న వేస్తాయి. ఆ డబ్బు ఎవరు పోశారు? ఏ ఆదాయంలోంచి? ఆ ఆదాయం మా లెక్కల్లోకి వచ్చేదేనా? ఈ మూడింటికీ సరైన జవాబు చెప్పగలిగినవాడికే రాయితీ. తాడేపల్లిగూడెం, ఏలూరు, కొల్లేరు చుట్టుపక్కల చదువు ఖర్చులో పెద్ద భాగం వరి, చెరువులు, బంగారం లోను, చీటీ పాట, అమ్మిన స్థలం మీద నడుస్తుంది. అందుకే ఈ రాయితీల గురించి మాట్లాడుకునేవాళ్ళు ఎక్కువ, అందుకునేవాళ్ళు తక్కువ. ఎవరికి అందుతుంది, ఎవరికి అందదు, ఎందుకు అందదు అన్నదే ఇక్కడ చూద్దాం.

మొదట రెండు మాటలు విడదీసుకోవాలి. మినహాయింపు ఆదాయంలోంచి తగ్గుతుంది, క్రెడిట్ కట్టాల్సిన పన్నులోంచే తగ్గుతుంది. లక్ష రూపాయల మినహాయింపు వల్ల 20 శాతం శ్లాబులో ఉన్నవాడికి మిగిలేది 20 వేలు. లక్ష రూపాయల క్రెడిట్ అయితే మిగిలేది లక్షే. మన దేశంలో చదువుకు ఇచ్చేవన్నీ మినహాయింపులు. అమెరికాలో పెద్ద రాయితీ క్రెడిట్ రూపంలో ఉంటుంది.

బిడ్డలున్న ఇంటికి ఖర్చెక్కువ అన్న ఇంగితం పన్ను చట్టాల్లోకి పాత కాలంలోనే వచ్చింది. బ్రిటన్‌లో లాయిడ్ జార్జ్ 1909 బడ్జెట్‌లో బిడ్డకు 10 పౌండ్ల మినహాయింపు పెట్టాడు. అమెరికా 1913లో ఆదాయపు పన్ను మొదలుపెడుతూ ఒంటరి మనిషికి 3,000 డాలర్లు వదిలేసింది, 1917లో ఆధారపడ్డ ఒక్కొక్కరికి 200 డాలర్లు కలిపింది. మన దగ్గరా 1950ల చివర పెళ్ళయినవాళ్ళకు ఒక పరిమితి, కానివాళ్ళకు ఒకటి ఉండేవి. ఇంట్లో బిడ్డ ఉంటే మరో 300 రూపాయలు, ఇద్దరుంటే 600 దాకా పన్ను లేని ఆదాయంగా వదిలేవారు. తరువాత అందరికీ ఒకే పరిమితి పెట్టి ఆ తేడాలను ఎత్తేశారు. అమెరికా కథ ఇంకా మలుపులు తిరిగింది. 1954 చట్టం వల్ల చదువుకునే పిల్లాడు ఎంత సంపాదించినా, పోషణలో సగానికి మించి తల్లిదండ్రులే భరిస్తుంటే వాళ్ళ రిటర్నులో అతని పేరు మీద మినహాయింపు తీసుకోగలిగేవారు. పిల్లాడు తన రిటర్నులో తనదీ తీసుకునేవాడు. ఒకే మనిషికి రెండు మినహాయింపులు. 1986 సంస్కరణ దీనికి తెర దించింది. 2017లో 4,050 డాలర్లున్న ఈ వ్యక్తిగత మినహాయింపును 2018 నుంచి సున్నా చేశారు. మొదట 2025 దాకా అన్నారు గానీ, 2025 జూలైలో వచ్చిన చట్టం ఆ సున్నాను శాశ్వతం చేసింది. అయినా పాత చిట్కాల కాగితాలు చేతులు మారుతూనే ఉంటాయి, కొత్తగా వెళ్ళిన పిల్లలు లేని మినహాయింపు కోసం ఫారంలో గడి వెతుకుతూనే ఉంటారు.

మన సంగతికి వద్దాం. 2026 ఏప్రిల్ 1 నుంచి 1961 చట్టం పోయి 2025 ఆదాయపు పన్ను చట్టం వచ్చింది, సెక్షన్ల అంకెలు మారాయి. జనం నోట నలిగినవి పాత అంకెలే కనుక ఇక్కడ వాటినే వాడుతున్నాను.

చదువు రాయితీ అనగానే అందరికీ గుర్తొచ్చేది 80సీ. ఇద్దరు పిల్లల దాకా ట్యూషన్ ఫీజు చూపించుకోవచ్చు. భార్యాభర్తలిద్దరూ పన్ను కట్టేవాళ్ళయితే ఎవరికి వారు ఇద్దరేసి పిల్లలకు, ఎవరు కట్టిన ఫీజు వాళ్ళు. షరతులు మాత్రం గట్టివి. బడి, కాలేజీ భారతదేశంలో ఉండాలి, చదువు పూర్తికాలపుది కావాలి, డొనేషన్, డెవలప్‌మెంట్ ఫీజు లెక్కకు రావు. హాస్టలు, మెస్సు, బస్సు, కోచింగ్ కూడా రావు. మన ప్రాంతం నుంచి విజయవాడ రెసిడెన్షియల్ కాలేజీలో ఇంటర్ చదివే పిల్లాడికి కట్టే మొత్తంలో ఎంత ట్యూషను, ఎంత తిండి, ఎంత మంచం అన్నది రసీదు ఎలా రాశారన్న దాని మీద ఉంటుంది. మొత్తం కలిపి ఒకే పద్దుగా రసీదు ఇచ్చే కాలేజీలు ఎన్నో. అది చూసి ఆఫీసులో అకౌంటు గుమాస్తా తలూపినా, రేపు అడిగితే జవాబు చెప్పుకోవాల్సింది తండ్రే. పోనీ రసీదు సరిగ్గా ఉందనుకుందాం. 80సీ గరిష్ఠ పరిమితి లక్షన్నర, 2014 నుంచి కదలలేదు. పీఎఫ్, ఎల్ఐసీ, ఇంటి లోను అసలు కలిపితే ఉద్యోగస్థుడికి అది ఫీజు రసీదు తీయకముందే నిండిపోతుంది.

పిల్లల చదువు అలవెన్సు సంగతి వింటే నవ్వొస్తుంది. 1961 చట్టం కింద పాతికేళ్ళకు పైగా బిడ్డకు నెలకు 100 రూపాయలు, హాస్టల్లో ఉంటే మరో 300 పన్ను లేకుండా వదిలారు. ఆ వంద ఇప్పుడు రెండు నోటు పుస్తకాలకు సరిపోతే గొప్ప.

ఈ రెండూ పాత రెజీమ్‌లో, అంటే పాత పన్ను పద్ధతిలో ఉన్నవాళ్ళకే. 2020లో వచ్చిన కొత్త రెజీమ్ 2023-24 నుంచి అందరికీ మామూలు పద్ధతి అయింది, పాతది కావాలంటే అడిగి తీసుకోవాలి. కొత్తదాంట్లో 80సీ లేదు, 80ఈ లేదు. 2025-26 నుంచి 12 లక్షల దాకా, జీతగాళ్ళకు స్టాండర్డ్ డిడక్షన్ 75,000 కలుపుకుని 12 లక్షల 75 వేల దాకా పన్నే లేదు. అత్తిలి, తణుకు చుట్టుపక్కల బడిపంతుళ్ళు, బ్యాంకు ఉద్యోగులు చాలామంది ఈ గీత లోపలో, గీత మీదో ఉంటారు. వాళ్ళ బీరువాలో ఫీజు రసీదులు ఇప్పుడు జ్ఞాపకాలే.

అసలు బలమున్నది 80ఈ. విద్యా రుణం మీద కట్టిన వడ్డీ మొత్తం ఆదాయంలోంచి తీసేయవచ్చు, గరిష్ఠ పరిమితి లేదు, విదేశీ చదువుకూ వర్తిస్తుంది. తన చదువుకో, భార్యకో భర్తకో, పిల్లలకో తీసుకున్న లోను అయుండాలి. బ్యాంకు ఇచ్చిందో, కేంద్రం గెజిట్‌లో ప్రకటించిన ఆర్థిక సంస్థ ఇచ్చిందో, ఆమోదం పొందిన ధర్మ సంస్థ ఇచ్చిందో అయుండాలి. నూటికి రెండు వడ్డీకి ఊళ్ళో తెచ్చినది, మేనమామ సర్దినది, బంగారం తాకట్టు పెట్టి తెచ్చినది దీని కిందికి రావు. తాకట్టు లేకుండా అప్పిచ్చే విదేశీ సంస్థలదీ రాదు.

లెక్క వేసి చూద్దాం. కొడుకు ఎంఎస్ కోసం తండ్రి 11 శాతం వడ్డీకి 40 లక్షల లోను తీసుకుని, ఏడాదికి 4,40,000 వడ్డీ కడుతున్నాడు. జీతం 14 లక్షలు. పాత రెజీమ్‌లో 50,000 స్టాండర్డ్ డిడక్షన్, 80సీ లక్షన్నర, ఈ వడ్డీ తీసేస్తే మిగిలేది 7,60,000. సెస్సుతో పన్ను 67,080. కొత్త రెజీమ్‌లో వడ్డీ ఊసెత్తకుండా 13,25,000 మీద పన్ను 81,900. అంటే నాలుగు లక్షల నలభై వేలు వడ్డీ కట్టినందుకు మిగిలేది 14,820 రూపాయలు. అదే జీతం 12 లక్షల 75 వేలయితే కొత్త రెజీమ్‌లో పన్ను సున్నా, పాతదాంట్లో అన్నీ చూపించినా 41,080. ఇవే మినహాయింపులతో ఈ స్థాయి వడ్డీకి 80ఈ ఏదో ఇంత మిగిల్చేది సుమారు 13 లక్షల పాతిక వేలకూ 16 లక్షల యాభై వేలకూ మధ్య జీతమున్న ఇంటికే. బడ్జెట్ ప్రసంగాల్లో విన్నంత విశాలమైనదేమీ కాదు.

ఇందులో ఒక మెలిక ఉంది, బ్యాంకు మేనేజరు చెప్పడు. ఈ మినహాయింపు వడ్డీ కట్టడం మొదలుపెట్టిన ఏడాదీ, ఆ తరువాత ఏడేళ్ళూ, మొత్తం ఎనిమిదేళ్ళే. చదువు కాలంలో వాయిదా లేకపోయినా భారం తగ్గించుకుందామని చాలామంది తల్లిదండ్రులు మొదటి నెల నుంచే కొంచెం వడ్డీ కడతారు. వడ్డీ లెక్కలో అది తెలివైన పనే, పన్ను లెక్కలో గడియారం అప్పుడే మొదలవుతుంది. పదిహేనేళ్ళ లోనులో సగం కాలానికే రాయితీ. పాత రెజీమ్‌లో ఉన్నవాళ్ళు రెండు లెక్కలూ వేసుకుని కట్టడం మొదలెట్టాలి.

ఇక జీతం లేని ఇల్లు. సార్వా, దాళ్వా వరి పంటల మీద బతికే రైతుకు వ్యవసాయ ఆదాయం మీద కేంద్రం పన్ను లేదు. పన్ను లేనివాడికి రాయితీ ఏమి ఇస్తారు? పది ఎకరాలున్న ఆసామి కూతుర్ని డల్లాస్ పంపినా, రెండెకరాల కౌలు రైతు కొడుకును భీమవరం ఇంజనీరింగులో చేర్చినా 80సీ, 80ఈ వాళ్ళ గుమ్మం తొక్కవు. లోను దగ్గరే ఇబ్బంది మొదలవుతుంది. పెద్ద రుణాలకు చాలా బ్యాంకులు పొలం తాకట్టుగా తీసుకోవు, ఇల్లో స్థలమో అడుగుతాయి, మూడేళ్ళ ఐటీ రిటర్నులు అడుగుతాయి. రిటర్ను ఎప్పుడూ వేయని మనిషి ఆ రోజు ఆడిటరు గారి దగ్గరికి పరుగెత్తుతాడు.

కైకలూరు, ఆకివీడు వైపు చెరువుల వాళ్ళది వేరే సంగతి. రొయ్యలు, చేపలు కూడా మట్టిలో నీళ్ళలో పెంచేవే కనుక వ్యవసాయమే అని చాలామంది నమ్మకం. కరెంటు రాయితీ దగ్గరో, లోను దగ్గరో ప్రభుత్వం వాళ్ళను రైతులనే పిలుస్తుంది. పన్ను చట్టం దగ్గరికొస్తే చెరువు ఆదాయం వ్యాపార ఆదాయం. చేదుగా ఉన్నా చదువు విషయంలో ఇందులో ఒక మేలుంది: వ్యాపార ఆదాయం చూపించి రిటర్ను వేసే ఆక్వా రైతుకు 80ఈ దక్కుతుంది, పక్క ఊళ్ళో వరి రైతుకు దక్కదు. దాచుకున్నవాడికి రెండూ పోతాయి, లోను కూడా కష్టం.

నా ఉద్దేశంలో మన ప్రాంతంలో చదువుకు దొరికే అతి పెద్ద పన్ను మినహాయింపుకు చదువుతో సంబంధమే లేదు. మునిసిపాలిటీకి చట్టం చెప్పిన దూరానికి అవతల ఉన్న పల్లె పొలం అమ్మితే మూలధన లాభం పన్ను లేదు. అదే దూరంలో ఇంటి స్థలం అమ్మితే ఉంది. కొడుకు అడ్మిషను కోసం ఏది అమ్మాలో తేల్చుకునే రోజున ఈ ఒక్క తేడా 80సీని జీవితాంతం వాడుకున్నదానికంటే ఎక్కువ చేస్తుంది.

డబ్బు సమకూర్చాక పంపడం. విదేశాలకు సొంత డబ్బు పంపితే బ్యాంకు ముందుగానే పన్ను పట్టుకుంటుంది. దాన్నే టీసీఎస్ అంటున్నారు. 2020 అక్టోబరులో మొదలైంది. అప్పుడు ఏడు లక్షలు దాటిన మొత్తం మీద, 2025 ఏప్రిల్ నుంచి పది లక్షలు దాటిన మొత్తం మీద. చదువుకైతే 5 శాతం, 2026 బడ్జెట్‌లో దాన్ని 2 శాతానికి తగ్గించారు. విద్యా రుణం తీసుకుని పంపితే ఇప్పుడు అసలు లేదు. పాతిక లక్షలు సొంత డబ్బు పంపిన తండ్రి నుంచి 2025-26లో 75,000 పట్టుకున్నారు, కొత్త రేటులో 30,000. ఇది అదనపు పన్ను కాదు, రిటర్ను వేస్తే పన్నులో సర్దుతారు, పన్ను లేకపోతే వెనక్కిస్తారు. కానీ రిటర్ను వేయాలి. అప్పు చేసినవాడిని వదిలి, పొలం అమ్మి తెచ్చినవాడి దగ్గర పట్టుకోవడం వింతే. తల్లీ తండ్రీ ఎవరి ఖాతాలోంచి వారు, ఎవరి సొంత డబ్బు వారు పంపితే పది లక్షల పరిమితి ఎవరిది వారికే ఉంటుంది.

రిటర్ను మాట వచ్చేసరికి ఊళ్ళో గుండె గుభేలుమంటుంది. కారణం రాష్ట్ర పథకాలు. 2008లో మొదలైన ఫీజు రీయింబర్స్‌మెంట్, తరువాత విద్యా దీవెన, 2025లో వచ్చిన తల్లికి వందనం, వీటిలో పేర్లు మారినా ఈమధ్య కాలంలో ఒక షరతు స్థిరపడింది: ఇంట్లో ఆదాయపు పన్ను కట్టేవాళ్ళుంటే అనర్హులు. పేదింటికి ఇంజనీరింగు ఫీజంతా వచ్చే పథకం ముందు 80సీ ఎంత? ఆ లెక్కలో జనం భయం అర్థం లేనిదేమీ కాదు. షరతులో ఉన్నది మాత్రం పన్ను కట్టేవాళ్ళనే. పన్ను సున్నాగా రిటర్ను వేయడం, పన్ను కట్టడం ఒకటి కాదు. గ్రామ సచివాలయంలో కంప్యూటరు తెర మీద ఈ తేడా ఎప్పుడూ సరిగ్గా కనబడుతుందా అంటే, అక్కడ తిరిగినవాళ్ళు చిరునవ్వుతో సరిపెడతారు. అయినా టీసీఎస్ వెనక్కి రావాలన్నా, లోను రావాలన్నా రిటర్ను తప్పదు.

విద్యార్థికే సొంత మినహాయింపు ఉందా అంటే మన చట్టంలో అది పద్దెనిమిదో పుట్టినరోజున వస్తుంది. అప్పటిదాకా పిల్లల పేరున వేసిన డిపాజిట్ వడ్డీ తల్లిదండ్రుల్లో ఎక్కువ ఆదాయమున్నవాళ్ళ లెక్కలో కలుస్తుంది. పాత రెజీమ్‌లో బిడ్డకు ఏడాదికి 1,500 మాత్రం వదులుతారు. పద్దెనిమిది నిండాక పిల్ల వేరు, తండ్రి వేరు. పాత రెజీమ్‌లో రెండున్నర లక్షలు, కొత్తదాంట్లో నాలుగు లక్షలు తన సొంత పరిమితి. తల్లిదండ్రులు పిల్లకు ఇచ్చిన డబ్బు మీద పన్ను లేదు, దాని మీద వచ్చే వడ్డీ పిల్లదే. ముప్ఫై లక్షలు 7 శాతానికి వేస్తే ఏడాదికి 2,10,000, పైసా పన్ను లేదు. కట్నానికని డిపాజిట్లు వేసే అలవాటున్న ప్రాంతం మనది, అవే చదువుకు వాడుకోవచ్చు. చదువు ఖర్చుకు ఇచ్చే స్కాలర్‌షిప్ మీద ఎలాగూ పన్ను లేదు. తాడేపల్లిగూడెం నిట్‌లో చదువుతూ వేసవిలో కంపెనీలో ఇంటర్న్‌షిప్ చేసి, స్టైపెండులో పదో వంతు కోత పడిన పిల్లలు రిటర్ను వేస్తే అది తిరిగి వస్తుంది. బద్ధకిస్తే పోతుంది.

ఇప్పుడు అమెరికా. 2024-25లో అక్కడ చదువుతున్న భారతీయ విద్యార్థులు 3,63,019 మంది. వాళ్ళలో ఎఫ్-1 వీసా మీద కొత్తగా వెళ్ళినవాళ్ళు మొదటి ఐదు క్యాలెండరు సంవత్సరాలు పన్ను చట్టం దృష్టిలో నాన్‌రెసిడెంట్లు. ఆగస్టులో దిగినా ఆ ఏడాది లెక్కలోకి వస్తుంది. వేయాల్సిన రిటర్ను 1040-ఎన్‌ఆర్, దానికి జతగా 8843 ఫారం. పైసా సంపాదించకపోయినా 8843 పంపాలి. స్నేహితులందరూ వాడే టర్బోటాక్స్ సాఫ్ట్‌వేరు ఈ రిటర్ను వేయదు. మామూలుగా తప్పు ఇక్కడే జరుగుతుంది: అది అడిగిన ప్రశ్నలకు జవాబులిస్తూ పోతే రెసిడెంట్లు వేసే 1040 తయారవుతుంది.

భారతీయ విద్యార్థికి ఇక్కడ మిగతావాళ్ళకు లేని ఒక సౌకర్యం ఉంది. 1989 సెప్టెంబరులో ఢిల్లీలో సంతకాలైన భారత, అమెరికా పన్ను ఒప్పందంలో 21వ అధికరణం రెండో క్లాజు ప్రకారం, చదువు కాలంలో మన విద్యార్థికి అక్కడి నివాసులకున్న మినహాయింపులు, సడలింపులు వర్తిస్తాయి. దాని ఫలితం స్టాండర్డ్ డిడక్షన్. 2025కు ఒంటరి మనిషికి 15,750 డాలర్లు. మామూలుగా నాన్‌రెసిడెంట్లకు అది లేదు. ముగ్గురు విద్యార్థులు యూనివర్సిటీ లైబ్రరీలో గంటకు 15 డాలర్ల చొప్పున వారానికి 20 గంటలు, 40 వారాలు పనిచేసి తలా 12,000 డాలర్లు సంపాదించారనుకోండి. అత్తిలి పిల్లాడికి పన్ను సున్నా. చైనా పిల్లకు వాళ్ళ ఒప్పందంలో 5,000 డాలర్ల జీతం మినహాయింపు ఉంది, మిగతా 7,000 మీద 700 డాలర్ల పన్ను. నేపాలీ కుర్రాడికి ఒప్పందమే లేదు, మొదటి డాలరు నుంచీ పన్నే, సుమారు 1,200 డాలర్లు. 2017 దాకా అతనికి కనీసం 4,050 డాలర్ల వ్యక్తిగత మినహాయింపైనా ఉండేది. అది పోయిన దెబ్బ అసలు తగిలింది ఇలాంటివాళ్ళకే. మనవాళ్ళకూ కొంత తగిలింది: ఆ రోజుల్లో ఈ ఒప్పందం వల్ల పెళ్ళయిన భారతీయ విద్యార్థి, అమెరికాలో ఆదాయం లేని భార్యకో భర్తకో కూడా మినహాయింపు అడగగలిగేవాడు. స్టాండర్డ్ డిడక్షన్ దాదాపు రెట్టింపు కావడంతో ఒంటరివాళ్ళకు లాభమే జరిగింది, జంటలకు అంత కాదు.

సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ కింద 7.65 శాతం కూడా ఈ ఐదేళ్ళూ ఎఫ్-1 విద్యార్థి జీతంలోంచి పట్టుకోకూడదు. చదువయ్యాక ఓపీటీ అనే పని అనుమతి మీద చిన్న కంపెనీల్లో చేరినవాళ్ళకు పట్టుకుంటుంటారు. ముందు యజమానిని అడగాలి, ఇవ్వకపోతే 843 ఫారం వేసి ప్రభుత్వాన్ని అడగాలి. ఏ క్రెడిట్ కంటే కూడా నిజంగా చేతికొచ్చే డబ్బు ఇది.

క్రెడిట్ల సంగతి. 1997లో క్లింటన్ కాలంలో హోప్, లైఫ్‌టైమ్ లెర్నింగ్ అని రెండు క్రెడిట్లు వచ్చాయి. 2009లో హోప్‌ను పెంచి అమెరికన్ ఆపర్చునిటీ అన్నారు. మొదటి 2,000 డాలర్ల ఫీజుకు నూటికి నూరు, తరువాతి 2,000కు నూటికి పాతిక, మొత్తం 2,500. డిగ్రీ నాలుగేళ్ళకే. పన్ను లేకపోయినా అందులో 1,000 డాలర్ల దాకా చేతికిస్తారు. లైఫ్‌టైమ్ లెర్నింగ్ అయితే పది వేల డాలర్ల ఫీజులో ఐదో వంతు, రిటర్నుకు 2,000, పీజీకీ వర్తిస్తుంది. ఎంఎస్‌కు ఏడాదికి ఇరవై, ముప్ఫై వేల డాలర్లు కట్టే పిల్లలకు ఇది చూస్తే నోరూరుతుంది. యూనివర్సిటీ 1098-టీ అనే ఫీజు కాగితం కూడా పంపిస్తుంది. నాన్‌రెసిడెంట్లకు పంపాలన్న నిర్బంధం లేదు, అయినా చాలా చోట్ల పంపుతారు. కాగితం వచ్చిందంటే హక్కు ఉన్నట్టే అనుకోవడం సహజం. చట్టం మాత్రం నాన్‌రెసిడెంటుకు ఈ రెండు క్రెడిట్లూ ఇవ్వదు. ఒప్పందంలో సడలింపులు అన్నారు కదా, క్రెడిట్ కూడా అందులోదే కదా అని వాదించేవాళ్ళున్నారు. చదివితే వాదనకు చోటున్నట్టే ఉంటుంది, అక్కడి పన్ను శాఖ ఐఆర్‌ఎస్ మాత్రం ఒప్పందం నుంచి స్టాండర్డ్ డిడక్షన్ దాకానే వెళ్తుంది. ఇరవై రెండేళ్ళ పిల్లాడు ఈ వ్యాజ్యాన్ని తన వీసా మీద పెట్టి పరీక్షించాల్సిన అవసరం లేదు.

పొరపాటున 1040 వేసి క్రెడిట్ తీసుకున్నవాళ్ళు దాన్ని సవరించి డబ్బు వెనక్కి కట్టాలి. నిర్లక్ష్యంగా అడిగారని తేలితే రెండేళ్ళు, మోసమని తేలితే పదేళ్ళు అమెరికన్ ఆపర్చునిటీ క్రెడిట్ ముఖం చూడనివ్వరు. 2020లో కోవిడ్ సాయంగా ఇచ్చిన 1,200 డాలర్లు కూడా ఇలా తప్పు రిటర్ను వేసిన విదేశీ విద్యార్థుల ఖాతాల్లో పడి, తరువాత తలనొప్పి అయింది. ‘నీకెంత రీఫండు వచ్చింది’ అన్న పోటీ ఈ తప్పులన్నిటికీ మూలం. రీఫండంటే మన దగ్గర ఎక్కువగా పట్టుకున్నది తిరిగివ్వడం, బహుమతి కాదు.

ఐదేళ్ళు దాటితే కథ మారుతుంది. 2021 ఆగస్టులో వెళ్ళినవాళ్ళకు 2026 నుంచి రోజులు లెక్కకు వస్తాయి, 183 రోజులు దాటితే రెసిడెంటు. అప్పుడు 1040 వేయవచ్చు, మళ్ళీ పీజీలోనో పీహెచ్‌డీలోనో ఉంటే లైఫ్‌టైమ్ లెర్నింగ్ అడగవచ్చు. ఐదేళ్ళు నిండకముందే హెచ్-1బీ ఉద్యోగ వీసా వచ్చి అక్టోబరు 1న మొదలైతే ఆ ఏడాది లెక్కకు వచ్చేవి 92 రోజులే, కాబట్టి ఇంకా నాన్‌రెసిడెంటే. పెళ్ళయి, జంటలో ఒకరు రెసిడెంటయితే ఇద్దరూ రెసిడెంట్లుగా కలిసి రిటర్ను వేయడానికి దారి ఉంది, దాంతో క్రెడిట్ తలుపూ తెరుచుకుంటుంది. కానీ రెసిడెంటయ్యాక ప్రపంచంలో ఎక్కడి ఆదాయమైనా చూపాలి. అత్తిలి బ్యాంకులో నాన్నగారు వేసిన ఆ ముప్ఫై లక్షల డిపాజిట్ వడ్డీ కూడా. ఇక్కడ పన్ను తప్పించిన ఏర్పాటే అక్కడ పన్నుకు దొరుకుతుంది. ఖాతాల్లో మొత్తం ఏ రోజైనా 10,000 డాలర్లు దాటితే దాని సంగతి విడిగా తెలియజేయాలి కూడా.

ఇంకో తరం ఉంది. తొంభైలలో వెళ్ళి అక్కడే స్థిరపడినవాళ్ళ పిల్లలు ఇప్పుడు కాలేజీలకు వచ్చారు. వాళ్ళ ఇంట్లో ప్రశ్న పాతదే: పిల్లాడు ఎవరి రిటర్నులో ఉండాలి? 24 లోపు పూర్తికాలపు విద్యార్థి, సగానికి మించి తన ఖర్చు తానే పెట్టుకోకపోతే, తల్లిదండ్రులు అతన్ని ఆధారపడినవాడిగా చూపవచ్చు. చూపితే చదువు క్రెడిట్ వాళ్ళకే, ఫీజు పిల్లాడే కట్టినా సరే. కానీ జంట ఆదాయం 1,60,000 దాటితే ఆ క్రెడిట్ కరుగుతూ వచ్చి 1,80,000 దగ్గర పోతుంది, ఈ గీతను ద్రవ్యోల్బణంతో పెంచరు. ఇద్దరూ సాఫ్ట్‌వేరులో ఉన్న తెలుగు ఇల్లు ఈ గీతను ఎప్పుడో దాటేసింది. అప్పుడు ఒక దారుంది. చూపే హక్కున్నా పిల్లాణ్ణి చూపకుండా వదిలేస్తే క్రెడిట్ పిల్లాడు అడగవచ్చు. ఇంటర్న్‌షిప్‌లో 30,000 డాలర్లు సంపాదించిన కుర్రాడికి 2025లో పన్ను సుమారు 1,471 డాలర్లు. చేతికిచ్చే 1,000 భాగం ఇలాంటి పిల్లలకు సాధారణంగా రాదు, కానీ కట్టాల్సిన ఆ 1,471 మొత్తం క్రెడిట్‌తో మాఫీ అవుతుంది. తల్లిదండ్రులు వదులుకునేది ఇతర ఆధారితుల క్రెడిట్ 500 డాలర్లు. ఇంటికి 971 మిగులు. వ్యక్తిగత మినహాయింపు ఉన్న రోజుల్లో పిల్లాణ్ణి వదులుకోవడమంటే 4,050 డాలర్ల మినహాయింపును వదులుకోవడం. అది సున్నా అయ్యాక ఈ ఎత్తు చవకైంది. మినహాయింపును చంపిన చట్టం ఇలా పక్కదారిలో మేలు చేసిందని చాలా ఇళ్ళకు తెలియదు. 2026 రిటర్నుల నుంచి ఈ క్రెడిట్లకు సోషల్ సెక్యూరిటీ నంబరు తప్పనిసరి చేశారు.

కెనడా పద్ధతి ఈ రెండిటికంటే మన ఇళ్ళకు దగ్గరగా ఉంది. అక్కడ విద్యార్థి కట్టిన ట్యూషన్ ఫీజు మీద వచ్చే క్రెడిట్‌ను ఆ ఏడాది పన్ను లేకపోతే పోగేసుకోవచ్చు. ఉద్యోగం వచ్చి పన్ను పడ్డ ఏడాది వాడుకోవచ్చు. అక్కడే పన్ను కట్టే తల్లిదండ్రులుంటే 5,000 డాలర్ల ఫీజు దాకా వాళ్ళకు బదిలీ చేయవచ్చు. చదివేటప్పుడు ఆదాయం ఉండదు, ఆదాయం వచ్చేసరికి చదువు అయిపోతుంది అన్న మామూలు సంగతిని గుర్తించిన చట్టం అది. మన 80ఈకి ఇలాంటి నిల్వ హక్కు పెట్టి, రైతు ఇంటి నుంచి వెళ్ళి సంపాదనలో పడ్డ పిల్లాడు తన రిటర్నులో పాత ఫీజును చూపుకోనిస్తే, కొత్త రెజీమ్‌లోనూ దాన్ని ఉంచితే, ఇప్పుడు దక్కనివాళ్ళకు దక్కుతుంది. ఎనిమిదేళ్ళ గడువును లోను కాలమంతా అని మార్చడానికైతే సెక్షనులో ఒక వాక్యం చాలు.

అవి వచ్చేదాకా ఉన్నదాంట్లో జాగ్రత్త పడాల్సింది లోను ఎవరి పేరున అన్న దగ్గర. తండ్రికి పాత రెజీమ్‌లో 20, 30 శాతం శ్లాబు ఉంటే ఆయన రుణగ్రహీతగా ఉండి, ఆయనే వడ్డీ కడితే 80ఈ పనికొస్తుంది. తండ్రికి పన్ను లేకపోతే అసలు రుణగ్రహీతగా పిల్లాడు, హామీగా తండ్రి ఉండటం మేలు. ఎందుకంటే అమెరికాలో విద్యా రుణ వడ్డీ మీద ఏడాదికి 2,500 డాలర్ల దాకా మినహాయింపు ఉంది, నాన్‌రెసిడెంటుకూ ఉంది, అప్పిచ్చిన బ్యాంకు అమెరికాదే కావాలన్న నియమం లేదు. బంధువు ఇచ్చిన అప్పు కాకూడదు, చదువుకే వాడి ఉండాలి, కట్టే బాధ్యత చట్టరీత్యా తన మీద ఉండాలి, కట్టింది తానై ఉండాలి. అక్కడ ఉద్యోగంలో చేరి, తణుకు బ్యాంకు లోనుకు నెలనెలా డబ్బు పంపే పిల్లలు వడ్డీ ధ్రువపత్రం తమ పేరున తీసుకుని పెట్టుకోవాలి. లోను తండ్రి ఒక్కడి పేరునే ఉండి, వాయిదాలు కొడుకు కడుతుంటే ఇద్దరికీ రాదు: తండ్రి కట్టలేదు, కొడుకు అప్పు తీసుకోలేదు. సంతకాలయ్యాక పేర్లు మార్చమంటే బ్యాంకు సులువుగా ఒప్పుకోదు.